స్పానిష్‌లో మనసులోని మాట

స్పానిష్ నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు బాగా రావాలని, పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన మనలో చాలామంది జంకుతాం. అయితే సుఖదుఃఖాలు చెప్పుకునే చోట ఇంగ్లీషుకన్నా తెలుగే దగ్గర దారి అని నా అభిప్రాయం.

‘నాకు నచ్చుతుంది’ అనడానికి వాళ్ళు ‘మె గుస్తా’ అంటారు. ‘మె’ అంటే నాకు. మామిడిపండు ఒకటయితే నచ్చుతుంది, నాలుగయితే నచ్చుతాయి అంటాం కదా! అక్కడా అంతే. ఒకటయితే ‘గుస్తా’, ఎక్కువైతే ‘గుస్తాన్’. క్రియ పండును బట్టి మారుతుంది గాని, తినేవాణ్ణి బట్టి కాదు. ఇంగ్లీషులో ఈ పద్ధతి లేదు.

‘నాకు భయం వేస్తుంది’ అంటే ‘మె దా మియెదో’. మాటకు మాట చెబితే ‘నాకు భయం ఇస్తుంది’. ‘తెంగో’ అంటే ‘నాకు ఉంది’. రైతు తనకు పొలం ఉందని చెప్పినా, ఆకలిగా ఉందని చెప్పినా అదే ‘తెంగో’. ఆకలయితే ‘తెంగో ఆంబ్రే’.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ‘ఎస్తోయ్’ ఇప్పటి స్థితిని చెబుతుంది, ‘సోయ్’ స్వభావాన్ని చెబుతుంది. ‘ఎస్తోయ్ అబుర్రీదో’ అంటే నాకు విసుగ్గా ఉంది. ‘సోయ్ అబుర్రీదో’ అన్నామో, నేనే విసుగు పుట్టించే మనిషిని! అమ్మాయిలైతే ‘అబుర్రీదా’ అనాలి. ‘ఎస్తోయ్’కీ మన ‘స్థితి’కీ ప్రాచీన ధాతువు ఒకటే. అలా గుర్తుపెట్టుకుంటే తడబాటు ఉండదు.

‘ఎస్తోయ్ త్రీస్తే’ అంటే దిగులుగా ఉన్నాను అని. దిగులు నా స్వభావం కాదు, ఈ పూట స్థితి మాత్రమే. కనుక మిత్రులారా, ఇంగ్లీషు రాదని వెనకాడకండి. ఇంట్లో అమ్మ ఆ మాట ఎలా అంటుందో ముందు గుర్తు తెచ్చుకోండి. సగం పాఠం వచ్చేసినట్టే.