విరిగిన తుంటిలో రాడ్డు

"కాలు జారి పడింది, తుంటి విరిగింది, రాడ్డు వేశారు." వృద్ధులున్న ఇళ్ళలో ఈ మాట మీరు వినే ఉంటారు. మా సుబేదారిలోనూ తరచు వినిపించే మాటే ఇది. రాడ్డు వేశాక ఒకరు చేతికర్రతో నడుస్తారు. మరొకరికి మళ్ళీ ఆపరేషన్ కావలసి వస్తుంది. ఇద్దరికీ వేసింది లోహపు కడ్డీయే కదా! మరి తేడా ఎందుకు?

ఎముక మోసే భారం

మన శరీరంలో అన్నిటికన్నా పొడవైనది తొడ ఎముక. దాని పైకొన బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. మీరు చదువుకున్న బంతి గిన్నె కీలు ఇదే. బంతినీ, నిలువు కాండాన్నీ కలిపే భాగాన్ని 'మెడ' అంటారు. అది కాండంతో సుమారు 130 డిగ్రీల కోణం చేస్తుంది.

ఒంటికాలిపై నిలబడండి. శరీరం బరువు కీలుకు లోపలివైపు, దూరంగా పనిచేస్తుంది. దాన్ని నిలపాలంటే బయటివైపు దగ్గరగా ఉన్న కండరాలు ఎక్కువ బలంతో లాగాలి. ఇది లీవరు సూత్రం. రెండు బలాలూ కీలు మీదే పడతాయి. అందువల్ల 50 కిలోల మనిషి కీలుపై సుమారు 125 కిలోల భారం ఉంటుంది. నడకలో ప్రతి అడుగుకూ ఇంతే. ఎముక అతికేదాకా ఈ భారంలో చాలా భాగాన్ని రాడ్డు మోయాలి.

ఎక్కడ విరిగింది?

బంతికి రక్తం తెచ్చే నాళాలు చాలావరకు మెడను అంటిపెట్టుకుని పైకి పోతాయి. మెడ విరిగి పక్కకు జరిగితే అవి తెగవచ్చు. అప్పుడు నీరందని మొక్కలా బంతి చచ్చిపోవచ్చు. అందుకే వృద్ధులకు ఇలా జరిగితే తరచు కృత్రిమ కీలు అమరుస్తారు. 2023 డిసెంబరులో తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు జారిపడి తుంటి విరిగినప్పుడు హైదరాబాదులో చేసింది కీలు మార్పిడే.

మెడకు కింద, కండరాలు అతుక్కునే ఉబ్బుల దగ్గర విరిగితే సంగతి వేరు. అక్కడ రక్తప్రసరణ బాగుంటుంది, ఎముక అతుకుతుంది. రాడ్డుకు తగిన చోటు అదే. 1939లో జర్మనీకి చెందిన కుంట్షర్ ఎముక నడుమ ఉన్న మూలుగ కాలువలోకి కడ్డీ దింపే పద్ధతిని మొదలుపెట్టాడు. నేటి రాడ్డులో ఆ నిలువు కడ్డీతోపాటు, దాని రంధ్రంలోంచి ఏటవాలుగా బంతిలోకి పోయే లావాటి స్క్రూ కూడా ఉంటుంది.

ఆపరేషన్‌లో చిక్కులు

మొదట కాలును లాగి, ఎక్స్-రే తెరపై చూస్తూ ముక్కలను సరిగా కూర్చాలి. కూర్చకుండా రాడ్డు దింపితే వంకర అలాగే బిగుసుకుపోతుంది.

తరువాత దారి చూపే సన్నని తీగను పంపి, దాని మీదుగా రంధ్రం తొలుస్తారు. తొలిచే పనిముట్టు ఆ తీగను ముందుకు నెడితే అది కీలును దాటి కటిలోని రక్తనాళాలకు తగలవచ్చు. అందుకే మాటిమాటికీ తెర చూస్తారు.

తొడ ఎముక తిన్నగా ఉండదు, కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. గట్టి కడ్డీని సుత్తితో బలవంతంగా దింపితే ఎముక పగలవచ్చు. ఎండుకర్రలో ముందు రంధ్రం చేయకుండా పెద్ద మేకు కొడితే ఏమవుతుందో ఏ వడ్రంగినైనా అడగండి!

కాలువలో ఒత్తిడి పెరిగితే మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరవచ్చు. మత్తు వైద్యుడు రోగి రక్తంలోని ఆక్సిజన్‌ను కనిపెట్టి చూడటానికి ఇదీ ఒక కారణం.

ప్రయోగం

రెండు మగ్గిన జామపండ్లు తీసుకోండి. ఒకదానిలో పుల్లను సరిగ్గా మధ్యగా, లోతుగా గుచ్చండి. రెండవదానిలో పై తొక్కకు దగ్గరగా, కొద్దిగానే గుచ్చండి. పుల్లను అడ్డంగా, కదలకుండా పట్టుకుని పండును కిందికి నొక్కండి. రెండవ పండును పుల్ల సులభంగా చీల్చుకు వస్తుంది. వయసుతో గుల్లబారిన ఎముకలో స్క్రూ కూడా ఇలాగే బంతిని చీల్చుకు రావచ్చు.

దీనికి 1995లో అమెరికాలో బామ్‌గార్ట్‌నర్, ఆయన సహచరులు ఒక కొలత చెప్పారు. ముందునుంచి, పక్కనుంచి తీసిన రెండు ఎక్స్-రేలలో స్క్రూ కొనకూ, బంతి శిఖరానికీ మధ్య దూరాలు కొలిచి కూడాలి. మొత్తం 25 మిల్లీమీటర్లకు లోపు ఉంటే ప్రమాదం చాలా తక్కువ. అలాగని స్క్రూ బంతిని దాటి కీలులోకి పొడుచుకుపోకూడదు.

అతికేది ఎముకే

రాడ్డు ఎముకను అతికించదు. అతికేది ప్రాణమున్న ఎముకే. దానికి కావలసిన వ్యవధిని రాడ్డు ఇస్తుంది, మనిషిని త్వరగా మంచం దిగనిస్తుంది. వృద్ధులు మంచాన పడితే పుండ్లు, న్యుమోనియా, నాళాల్లో రక్తం గడ్డకట్టడం ప్రాణాలమీదికి తెస్తాయి. కాబట్టి పడినవారి కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే మర్దన చేయకండి, నడిపించకండి. కాలు కదలకుండా చూసి, 108కి ఫోన్ చేయండి.

ఆలోచించండి: కుడి తుంటికి రాడ్డు వేసినవారు చేతికర్రను ఏ చేత్తో పట్టుకోవాలి? లీవరు సూత్రంతో జవాబు చెప్పండి.