పోటు, పాటు, సైన్

పిల్లలూ! అరబీలో ‘ఖోర్’ అంటే సముద్రపు పాయ. మన అల్ ఖోర్ తీరంలో నీరు పెరిగితే పోటు, తగ్గితే పాటు.

1 యూనిట్ వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కుడి చివర నుంచి పైకి బయల్దేరిన చీమ దాని మీద ఒకే వేగంతో తిరుగుతోందనుకోండి. మధ్య అడ్డగీత నుంచి చీమ ఎత్తే సైన్: 0 డిగ్రీల దగ్గర 0, 30 దగ్గర అర, 90 దగ్గర 1, 270 దగ్గర -1.

పోటుపాట్లలో చంద్రుడి వల్ల కలిగే ముఖ్య భాగం ఇలాగే సుమారు 12 గంటల 25 నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. అసలు నీటిమట్టానికి ఇలాంటి చుట్లు ఎన్నో కలపాలి.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో సైన్ పేరు అర్ధజ్య. జ్య అంటే వింటినారి. అది అరబీలో ‘జీబ’ అయి, అచ్చులు రాయని లిపి వల్ల ‘జైబ్’ అయింది. జేబునీ జైబే అంటారు. మన ‘జేబు’ ఆ మాటే!

ఇంటి లెక్క: ఆ చంద్రుడి చుట్టులో 90 నుంచి 270 డిగ్రీలకు ఎంతసేపు?