మన చెత్త ఎవరి చేతికి వెళుతోంది?

హజ్రత్ మైమూనా (రజి) గారి సేవకురాలికి దానంగా వచ్చిన గొర్రె ఒకటి చనిపోయింది. దాన్ని పారేసి ఉండగా దైవప్రవక్త (స) చూశారు. దాని తోలునెందుకు ఉపయోగించుకోలేదని అడిగారు. అది చచ్చిన జంతువు కదా అని సహచరులు విన్నవించుకున్నారు. నిషిద్ధమైనది దాన్ని తినటం మాత్రమేనని ఆయన (స) వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న సంఘటన ఇది.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? పనికిరాని దాంతోపాటు పనికొచ్చేదాన్ని కూడా పారవేయకూడదు. అందుకు ముందు రెంటినీ వేరు చేయాలి.

మన ఇళ్లల్లో జరుగుతున్నదేమిటి? కూర మెతుకులు, కాగితాలు, పగిలిన గాజు అన్నీ ఒకే సంచిలో వేస్తున్నాం. కూర అంటిన కాగితం మళ్లీ కాగితంగా మారదు. పైగా ఆ సంచిని ఎత్తేది ఒక మనిషి చెయ్యి. ఒకరోజు మా వీధిలో చెత్త తీసుకువెళ్లే సోదరి అరచేయి గాజుపెంకుతో తెగింది. ఆ సంచి మా ఇంటిదే. తన చేతి నుండి ఇతరులకు హాని కలగనివాడే నిజమైన ముస్లిమని ఎన్నోసార్లు బోధించిన నేను, ఆ రోజు సిగ్గుతో తల దించుకున్నాను.

ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లో చెత్తను ఇంట్లోనే మూడు రకాలుగా వేరు చేయమన్నాయి. 2026 నియమాలు వాటిని నాలుగు చేశాయి:

1. తడి చెత్త: కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం. అడుగున చిల్లులున్న కుండీలో తొక్కలను, ఎండుటాకులను, మట్టిని పొరలుగా వేస్తే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. మాంసం, ఎముకలు అందులో వేయకండి, ఎలుకలు చేరతాయి.

2. పొడి చెత్త: కాగితం, అట్ట, డబ్బాలు, ప్లాస్టిక్. పాల కవర్లను కడిగి ఆరబెట్టండి. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి, విడిగా చెప్పి ఇవ్వండి.

3. డైపర్లు, శానిటరీ న్యాప్‌కిన్లు: కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వండి.

4. ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి: ట్యూబ్‌లైట్లు, బ్యాటరీ సెల్లు, కాలం చెల్లిన మందులు, సూదులు. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలగొట్టకండి.

మన ఇళ్లల్లో మరో రకం కూడా ఉంది. ఉర్దూ పత్రికలు, క్యాలెండర్లు, పెళ్లి పత్రికల మీద అల్లాహ్ నామం, ఖుర్ఆన్ వాక్యాలు ఉంటాయి. పాత పేపర్లు అమ్మేముందు వాటిని ఏరి పక్కన పెట్టండి. శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టమని ధర్మవేత్తలు చెప్పారు. కొన్ని మస్జిదుల్లో వీటికోసం పెట్టెలు కూడా ఉంచుతారు.

దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించటం విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) బోధించారు. అలాంటప్పుడు అటువంటి వస్తువును మనమే సంచిలో కట్టి మరొకరి చేతికివ్వటం ఎంతవరకు న్యాయం? నమాజులో లోపాన్ని అల్లాహ్ తన కారుణ్యంతో క్షమించవచ్చు. తోటి మనిషికి కలిగించిన గాయానికి ఆ మనిషి క్షమాపణ కూడా కావాలి.

దాసుల హక్కులను గుర్తించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.