నాలుగాకుల నీటిమొక్క

బాలలారా! వరిమడి గట్టుపై నడచునపుడు, తడినేలమీద నాలుగేసి రేకులు విప్పుకొని నిలిచిన చిన్న ఆకులను మీలో పలువురు చూచియే యుందురు. రైతు దానిని కలుపని పెఱికి పాఱవేయును. పట్టణములలో చేపలను పెంచువారు ఆ జాతి మొక్కనే గాజుతొట్టిలో ముచ్చటగా నాటుకొందురు. దాని పేరు మార్సీలియా. ఇటలీ దేశపు పండితుడైన మార్సీలీ (1658–1730) పేరు దానికి పెట్టబడినది.

ఈ మొక్క పూవు పూయదు. ఇది ఫెర్ను జాతికి చెందినది. దీని సన్నని కాండము బురదలో ప్రాకుచు, కణుపు కణుపున క్రిందికి వేళ్లను, పైకి ఆకులను వెలువరించును. తొట్టిలో పొడవైన మొక్కలను వెనుకను, పొట్టివానిని ముందరను నాటుట పద్ధతి. మార్సీలియాను చిన్న తునుకలుగా చేసి, ముందుభాగమున సన్న ఇసుకలో ఎడమెడముగా నాటవలెను. అది తొందరపడక మెల్లగా ప్రాకి, కొన్ని నెలలకు పచ్చని తివాచీ పఱచినట్లగును. చిత్రమేమనగా, పూర్తిగా నీట మునిగియున్నపుడు దీని ఆకులు తఱచుగా నాలుగు రేకులను విడిచి, ఒకటి రెండు రేకులతోనే యుండును.

చెఱువు ఎండినపుడు మొక్కయు ఎండును. కాని వంశము నశింపదు. చిక్కుడుగింజవంటి గట్టి తిత్తులలో దాని సిద్ధబీజములు భద్రముగా నుండును. ఆ తిత్తులు ఎండిన మంటిలో ఏండ్ల తరబడి పడియుండి, వాన కురిసి నీరు తగులగనే పగిలి, క్రొత్త మొక్కలకు జన్మమిచ్చును.

ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్క యొకటి కలదు. దానిని నార్డూ అందురు. అచ్చటి ఆదివాసులు దాని తిత్తులను నీటితో నూరి రొట్టెలు చేసికొనెడివారు. 1860లో బర్క్, విల్స్ అనువారు ఆ ఖండమును దక్షిణమునుండి ఉత్తరమునకు దాటుటకై బయలుదేరిరి. 1861లో తిరిగి వచ్చుచు, ఆహారము లేక కూపర్ వాగుచెంత చిక్కుకొనిరి. యంద్రువంద అను ఆదివాసులు వారికి చేపలును, నార్డూ రొట్టెలును పెట్టిరి. కాని బర్క్ వారిని అనుమానించి తుపాకి పేల్చెను. వారు దూరముగా తొలగిపోయిరి.

అటుపై ఆ బాటసారులు నార్డూను తామే ఏరి, తమకు తోచినట్లు దంచుకొని తినిరి. కడుపు నిండినను దినదినము కృశించిరి. ఆ తిత్తులలో బి1 విటమినును చెఱచు పదార్థము కలదనియు, ఆదివాసుల పద్ధతి దాని కీడును తగ్గించెడిదనియు తరువాతి శాస్త్రజ్ఞులు తలచిరి. జూన్ నెలాఖరు ప్రాంతమున బర్క్, విల్స్ ఇరువురును మరణించిరి. వారి సహచరుడగు కింగ్ మాత్రము ఆ ఆదివాసులనే ఆశ్రయించెను. వారు అతనిని తమలో నొకనిగా పోషించిరి. సెప్టెంబరులో వెదకవచ్చినవారికి అతడు సజీవుడై కనబడెను.

మొక్క యొక్కటే. ఎఱిగినవారి చేతిలో అది అన్నమయ్యెను. ఎఱుగనివారిని అది కాపాడలేకపోయెను. ఇకమీద గట్టుపై ఆ నాలుగు రేకులు కనబడినపుడు, ఒక్క నిమిషము నిలిచి చూడుడు. దానినిగూర్చి తెలిసిన పెద్దలు చెంత నున్నచో, అడిగి తెలిసికొనుడు.