పల్లేడియానికి సరైన జోడీ: ఫాస్ఫీన్ లైగాండ్‌ను ఎలా రూపొందిస్తారు?

రక్తపోటును తగ్గించే లోసార్టాన్ అణువులో రెండు బెంజీన్ వలయాలు ఒకే ఒక కార్బన్-కార్బన్ బంధంతో కలిసి ఉంటాయి. చూడటానికి చిన్న బంధమే. కానీ రెండు వలయాలను కోరుకున్న చోట అలా అతకడం ఒకప్పుడు రసాయన శాస్త్రవేత్తలకు పెద్ద చిక్కు. పల్లేడియం ఉత్ప్రేరకంతో జరిగే క్రాస్-కప్లింగ్ చర్యలు ఆ చిక్కును విప్పాయి. వాటికి గాను రిచర్డ్ హెక్, ఎయిచి నెగిషి, అకిరా సుజుకిలకు 2010లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

పేరు పల్లేడియానిదే అయినా, ఫ్లాస్కులో అది ఒంటరిగా పనిచేయదు. దానికి అంటిపెట్టుకుని ఉండే అణువును లైగాండ్ అంటారు. లోహం, ద్రావణి, ఉష్ణోగ్రత అన్నీ అలాగే ఉంచి లైగాండ్‌ను మాత్రం మారిస్తే, అసలు జరగని చర్య చక్కగా జరగవచ్చు. అది ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

చర్యలో మూడు మెట్లు

సుజుకి చర్యనే ఉదాహరణగా తీసుకుందాం. ఒక వైపు హాలోజన్ ఉన్న బెంజీన్ వలయం, అంటే ఎరైల్ హాలైడ్. మరో వైపు బోరానిక్ ఆమ్లం ఉన్న వలయం.

మొదటి మెట్టులో పల్లేడియం కార్బన్-హాలోజన్ బంధంలోకి చొరబడుతుంది. దీన్ని ఆక్సిడేటివ్ అడిషన్ అంటారు. ఇక్కడ పల్లేడియం ఆక్సీకరణ స్థితి 0 నుంచి +2కు పెరుగుతుంది. రెండో మెట్టు ట్రాన్స్‌మెటలేషన్: బోరాన్ మీద ఉన్న వలయం పల్లేడియం మీదికి మారుతుంది. మూడోది రిడక్టివ్ ఎలిమినేషన్: రెండు వలయాలు ఒకదానితో ఒకటి కలిసి లోహాన్ని వదిలి వెళ్తాయి. పల్లేడియం మళ్లీ 0 స్థితికి వచ్చి తర్వాతి జంటకు సిద్ధమవుతుంది.

క్లోరైడ్‌తో వచ్చిన ఇబ్బంది

తొలి రోజుల్లో ఎక్కువగా వాడిన లైగాండ్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్. ఇందులో ఫాస్ఫరస్‌కు మూడు బెంజీన్ వలయాలు ఉంటాయి. ఫాస్ఫరస్ తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను పల్లేడియానికి ఇచ్చి బంధం ఏర్పరుస్తుంది. అయొడైడ్లు, బ్రోమైడ్లతో ఇది బాగానే పనిచేసింది. మామూలు క్లోరైడ్ల దగ్గర మాత్రం ఆగిపోయింది.

కారణం బంధ శక్తిలో ఉంది. బెంజీన్ వలయానికి అయొడిన్‌తో ఉన్న బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 272 కిలోజౌళ్లు, బ్రోమిన్ బంధానికి 339, క్లోరిన్ బంధానికి 402 కిలోజౌళ్లు కావాలి.

అయినా క్లోరైడ్ల మీదే అందరి కన్ను. అవి చవక, ఎక్కువ రకాలు దొరుకుతాయి. పైగా చర్యలో హాలోజన్ చివరికి వ్యర్థంగానే పోతుంది. ఒక మోల్ అయొడైడ్ వాడితే 127 గ్రాముల అయొడిన్ వృథా, క్లోరైడ్ అయితే 35.5 గ్రాముల క్లోరిన్ మాత్రమే. టన్నుల లెక్కన మందులు తయారుచేసే చోట ఈ తేడా చిన్నది కాదు.

లైగాండ్‌కు రెండు కొలతలు

ఫాస్ఫీన్‌ను ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అది లోహానికి ఎలక్ట్రాన్లను ఎంత ఉదారంగా ఇస్తుంది? లోహం చుట్టూ ఎంత చోటు ఆక్రమిస్తుంది? 1970లలో చాడ్విక్ టోల్‌మన్ ఈ రెండింటికీ అంకెలు ఇచ్చాడు.

మొదటి కొలతకు నికెల్ మీద ఒక ఫాస్ఫీన్, మూడు కార్బన్ మోనాక్సైడ్‌లు ఉన్న సంక్లిష్టాన్ని తీసుకుంటారు. ఫాస్ఫీన్ ఎంత ఎక్కువగా ఎలక్ట్రాన్లు ఇస్తే, కార్బన్ మోనాక్సైడ్ బంధం అంత బలహీనపడి, దాని కంపన సంఖ్య అంత తగ్గుతుంది. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌తో ఆ సంఖ్య సెంటీమీటరుకు 2069, ట్రై-టెర్షరీ-బ్యూటైల్‌ఫాస్ఫీన్‌తో 2056. రెండో కొలత కోన్ కోణం, అంటే లోహం నుంచి చూస్తే లైగాండ్ పరుచుకున్న శంకువు కోణం. మొదటిదానికి ఇది 145 డిగ్రీలు, రెండోదానికి 182 డిగ్రీలు.

ఇప్పుడు వీటిని మెట్లతో జోడించండి. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే పల్లేడియం గట్టి క్లోరిన్ బంధంలోకి కూడా చొరబడగలదు. కానీ అదే గుణం మూడో మెట్టును నెమ్మదింపజేస్తుంది, ఎందుకంటే అక్కడ పల్లేడియం ఎలక్ట్రాన్లను తిరిగి తీసుకోవాలి. ఈ వైరుధ్యాన్ని తీర్చేది పరిమాణం. స్థూలమైన లైగాండ్‌లు లోహం మీద రెండు పక్కపక్కన ఇమడలేవు. ఒకటి ఊడిపోయి, ఖాళీ చోటున్న, చురుకైన పల్లేడియం మిగులుతుంది. చివరి మెట్టులో అదే ఇరుకు రెండు వలయాలను దగ్గరకు నెట్టి బయటకు పంపుతుంది. అంటే ఎలక్ట్రాన్లు మొదటి మెట్టుకు, పరిమాణం మొదటిదానికీ చివరిదానికీ సాయపడతాయి.

1998లో అమెరికాలోని ఎంఐటీలో గ్రెగరీ ఫూ బృందం ట్రై-టెర్షరీ-బ్యూటైల్‌ఫాస్ఫీన్‌తో ఎరైల్ క్లోరైడ్లను సుజుకి చర్యలో కలిపి చూపింది. ఒక్కటే చిక్కు: ఈ ఫాస్ఫీన్ గాలి తగిలితే అంటుకుంటుంది. 2001లో అదే బృందం దాన్ని టెట్రాఫ్లోరోబోరేట్ లవణంగా మార్చింది. ఆ ఘన పదార్థం గాలిలో స్థిరంగా ఉంటుంది. ఫ్లాస్కులోని క్షారం దాని నుంచి ఫాస్ఫీన్‌ను విడుదల చేస్తుంది.

వలయం కింద వలయం

అదే సంస్థలో స్టీఫెన్ బక్‌వాల్డ్ బృందం మరో దారి పట్టింది. వారి ఫాస్ఫీన్‌లలో ఫాస్ఫరస్‌కు రెండు ఆల్కైల్ సమూహాలు, ఒక బైఫినైల్ ఉంటాయి. ఒక్కో భాగానికి ఒక్కో పని ఉంది. ఆల్కైల్ సమూహాలు ఎలక్ట్రాన్లు ఇస్తాయి. బైఫినైల్‌లోని కింది వలయం పల్లేడియానికి దగ్గరగా వచ్చి దాన్ని స్థిరపరుస్తుంది. ఆ వలయం మీద ఫాస్ఫరస్ వైపున్న రెండు స్థానాల్లో ప్రతిక్షేపకాలు పెడితే, పల్లేడియం లైగాండ్ మీదే దాడి చేసి పాడుచేయకుండా అడ్డుపడతాయి. ఎస్‌ఫాస్, ఎక్స్‌ఫాస్ ఇలా పుట్టినవే. వీటిని గాలిలోనే తూచి వాడుకోవచ్చు.

ఇటీవలి పరిశోధన ఈ ఎంపికకు మరింత కచ్చితత్వం తెచ్చింది. లోహం చుట్టూ ఉన్న ఊహాత్మక గోళంలో లైగాండ్ కనీసం ఎంత శాతం ఆక్రమిస్తుందో కంప్యూటర్‌తో లెక్కిస్తారు. అది దాదాపు 32 శాతం దాటితే లోహం మీద ఒక్క లైగాండే నిలుస్తుందని 2021లో వెలువడిన అధ్యయనం చూపింది.

మీరే ఎంచుకోండి

మొదటి ప్రశ్న: 4-క్లోరోఅనిసోల్‌ను ఫినైల్‌బోరానిక్ ఆమ్లంతో కలపాలి. ఏ లైగాండ్? మెథాక్సీ సమూహం వలయంలోకి ఎలక్ట్రాన్లను నెడుతుంది కాబట్టి ఈ క్లోరైడ్ మరింత మొండిది. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ చాలదు. ఎస్‌ఫాస్ వంటిది కావాలి.

రెండో ప్రశ్న: 2-క్లోరోనైట్రోబెంజీన్ అయితే? నైట్రో సమూహం ఎలక్ట్రాన్లను లాగేస్తుంది కాబట్టి ఈ క్లోరైడ్ తేలికగా లొంగుతుంది. ఇక్కడ చవకైన ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌తోనే పని జరగవచ్చు. బాస్కాలిడ్ అనే శిలీంద్రనాశినిని తయారుచేయడానికి ఈ పదార్థాన్నే వాడతారు. ఖరీదైన లైగాండ్ ప్రతిచోటా మంచి లైగాండ్ కాదు.

మందుల పరిశ్రమకు ఇంకో లెక్క కూడా ఉంది. నోటి ద్వారా తీసుకునే మందులో పల్లేడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చురుకైన లైగాండ్ ఉంటే తక్కువ పల్లేడియం చాలు, దాన్ని తొలగించే శ్రమా తగ్గుతుంది. హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాల్లోని ఔషధ కర్మాగారాల్లో అడుగుపెట్టబోయే రసాయన శాస్త్ర విద్యార్థికి ఇది రేపటి రోజువారీ పని కావచ్చు.

అందుకే లైగాండ్ జాబితా కంఠస్థం చేయనక్కర్లేదు. ముందు ఏ మెట్టు దగ్గర చర్య ఆగుతోందో కనిపెట్టండి. ఆ మెట్టుకు కావలసింది ఎలక్ట్రాన్లా, ఇరుకా, రెండూనా అని అడగండి. లైగాండ్ పేరు ఆ తర్వాత వెతకండి.