ఇంట్లో గాలి బాగుండాలంటే...

రోడ్డు మీద పొగకి ముక్కు మూసుకుంటాం గానీ, మన వంటింట్లో, పడగ్గదిలో పుట్టే పొగని పట్టించుకోం. పెద్దగా ఖర్చు లేకుండా మా ఇంట్లో పాటిస్తున్నవి చెబుతాను, మీరూ చేసి చూడండి.

1. స్టవ్ మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మండి గిన్నెల అడుగు మసిబారుతుంటే గ్యాస్ సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ వస్తోందన్నమాట. బర్నర్లని వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, పిన్నీసుతో కన్నాలు పొడిచి, బాగా ఆరాక పెట్టండి. గ్యాసూ ఆదా, గిన్నెలు తోమే బాధా తగ్గుతుంది.

2. మంట నీలంగా ఉన్నా నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అది కంటికి ఆనదు. అందుకే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్, తర్వాతే స్టవ్. వంటయ్యాక ఇంకో పది నిమిషాలు తిరగనివ్వండి.

3. పోపుకి నూనె పొగలొచ్చేదాకా కాగక్కర్లేదు, ఒక్క ఆవగింజ వేస్తే చిటపటమంటే చాలు. మాడిన నూనె పొగలో కళ్లు మండించేది అక్రోలిన్.

4. బాత్రూమ్ కడిగేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపారో, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు. రెండూ కలిస్తే ఎక్కువ తెల్లబడుతుందన్నది ఉత్త భ్రమ. ఒక రోజు ఒకటే వాడండి, డబ్బూ మిగులుతుంది. పొరపాటున కలిస్తే ఇంకేం కడగొద్దు, తలుపు తీసిపెట్టి వెంటనే బయటికొచ్చేయండి.

5. గ్యాస్ గీజర్ స్నానాలగదిలో వద్దు, బయట గోడకి బిగించుకోండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు, పడిపోయేదాకా తెలీదు!

6. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. దోమతెర ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది, నెలనెలా కాయిళ్ల ఖర్చుండదు.

7. అగరబత్తి ఒక్కటి చాలు, కిటికీ తీసి వెలిగించండి.

8. కొత్త ప్లైవుడ్ బీరువా ఘాటు వాసనేస్తుంటే అది ఫార్మాల్డిహైడ్ కావచ్చు. కొన్నాళ్లు తలుపులు బార్లా తీసి ఉంచి, ఆ తర్వాతే బట్టలు సర్దుకోండి.

9. చలికాలం తెల్లవారుజామున పొగ పైకి లేవక నేలబారునే ఉంటుంది, కిటికీలు ఎండెక్కాక తీయండి. వేసవిలో మాత్రం వాకింగ్ పొద్దున్నే ముగించండి, మధ్యాహ్నం ఎండకి వాహనాల పొగ ఓజోన్‌గా మారుతుంది.

10. భోగి మంటల్లో టైర్లు, ప్లాస్టిక్ పైపులు వేయనివ్వకండి, ఆ పైపులు కాలితే డయాక్సిన్ల లాంటి విషాలొస్తాయి. పాతసామాన్లవాళ్లకి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి, పిల్లలు మంట చుట్టూ హాయిగా కూర్చుంటారు.