బాధ్యత మనిషిని మలుస్తుంది

“నా స్వభావమే అంత. ఈ వయసులో నేనేం మారతాను?” మన ఇళ్ళలో తరచూ వినపడే మాట ఇది. కోపిష్టి తండ్రి ఇదే అంటాడు. కోడల్ని సూటిపోటి మాటలతో బాధించే అత్తగారూ ఇదే అంటుంది. ఇది నిజమే అయితే తౌబాకు, తర్బియత్‌కు అర్థమే ఉండదు. కాబట్టి ఈ మాటలో ఎంత నిజముందో పరిశీలిద్దాం.

పరిశోధకులు ఏమంటున్నారు?

ముప్పై ఏళ్ళు వచ్చేసరికి చాలామంది స్వభావం గట్టిపడిపోతుందని అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో రాశాడు. కాని 1950లో ఎరిక్ ఎరిక్సన్ మానవ జీవితాన్ని 8 దశలుగా విభజించి, అందులో 3 దశలు యౌవనం నుంచి వృద్ధాప్యం వరకు సాగుతాయని చెప్పాడు. తర్వాతి తరాన్ని తీర్చిదిద్దడమే నడివయసు మనిషికి ఎదురయ్యే పరీక్ష అన్నది ఆయన అభిప్రాయం.

మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించిన అనేక అధ్యయనాలను 2006లో ఒకచోట చేర్చి చూశారు. 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బాధ్యతగా మెలిగే గుణం, మానసిక నిలకడ పెరుగుతాయని అందులో తేలింది. 2013లో 62 దేశాల వారిపై జరిపిన పరిశీలనలో మరో విషయం బయటపడింది. యువత త్వరగా ఉద్యోగ బాధ్యతల్లోకి వచ్చే దేశాల్లో ఈ పరిపక్వత కూడా త్వరగానే కనిపించింది.

అయితే ఇక్కడ ఒక షరతు ఉంది. పదవి వచ్చినంత మాత్రాన, బిడ్డ పుట్టినంత మాత్రాన మనిషి తనంతట తానే మెరుగుపడడు. ఆ పాత్రను మనస్ఫూర్తిగా స్వీకరించి, అందులో మనసు పెట్టినప్పుడే మార్పు వస్తుందని ఈ పరిశోధకుల వాదన.

చరిత్రలో ఒక నిదర్శనం

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) ఉమయ్యా రాజవంశంలో పుట్టి భోగభాగ్యాల మధ్య పెరిగారు. ఖరీదైన దుస్తులు, సుగంధ ద్రవ్యాలు, ప్రత్యేకమైన నడక తీరుతో ఆయన యువకుడిగా పేరుపడ్డారు. క్రీ.శ. 706లో మదీనా గవర్నరుగా నియమితులైనప్పుడు అక్కడి పండితుల్ని పిలిచి, వారి సలహా లేకుండా నిర్ణయాలు తీసుకోనని చెప్పారు. అదే పదవిలో ఉండగా ఖలీఫా వలీద్ ఆజ్ఞ మేరకు ఒక వ్యక్తిని కొరడాలతో కొట్టించారనీ, అతను మరణించాడనీ, ఆ బాధ ఆయన్ని జీవితాంతం వెంటాడిందనీ చరిత్రకారులు రాశారు. పదవి మనిషిని మంచివైపే కాదు, తప్పువైపూ నెట్టగలదన్న మాట!

717లో ఖిలాఫత్ బాధ్యత ఆయన భుజాలపై పడింది. రాజ లాంఛనాలను ఆయన నిరాకరించారు. తన వంశీకులు అన్యాయంగా పొందిన ఆస్తుల్ని తిరిగి ఇప్పించసాగారు. ఆయన సతీమణి ఫాతిమా తన నగలను బైతుల్‌మాల్‌కు అప్పగించారు. 720లో మరణించేవరకు, అంటే సుమారు రెండున్నరేళ్ళ పాటు, ఆయన సాదాసీదాగా జీవించారు. మనిషి ఆయనే. కాని బాధ్యతను అల్లాహ్ ముందు లెక్క అప్పజెప్పవలసిన అమానతుగా భావించడంతో ఆయన జీవన విధానమే మారిపోయింది.

మనం నేర్చుకోవలసింది

ప్రతి వ్యక్తీ ఒక కాపరి లాంటివాడని దైవప్రవక్త (స) బోధించారు. పాలకుడు ప్రజల గురించి, పురుషుడు తన ఇంటివారి గురించి, స్త్రీ తన ఇంటి గురించి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. కాబట్టి కొత్త పాత్ర వచ్చిన ప్రతిసారీ “ఇప్పుడు నాకేం హక్కులు వచ్చాయి?” అని కాక, “నాపై ఎవరి హక్కు పడింది?” అని ప్రశ్నించుకుందాం.

నిన్నటి కోడలే నేటి అత్త. ఆనాడు తాను పడ్డ బాధను గుర్తుంచుకుంటే ఆ పాత్ర ఆమెకు కరుణ నేర్పుతుంది. పగ తీర్చుకునే అవకాశంగా తీసుకుంటే అదే పాత్ర ఆమెను కఠినురాలిని చేస్తుంది. తండ్రి అయిన యువకుడు రోజుకు ఒక్కసారైనా కోపాన్ని దిగమింగితే, కొన్నాళ్ళకు అదే అలవాటవుతుంది. అలవాటే క్రమంగా స్వభావమవుతుంది.

మనకు అప్పగించబడిన ప్రతి బాధ్యతనూ అమానతుగా నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.